చెట్టును నిచ్చెనగా చదివితే

పరిణామ సిద్ధాంతం మాటెత్తగానే వినిపించే ప్రశ్న ఒకటుంది. “కోతి నుంచి మనిషి పుట్టాడంటున్నారు కదా, మరి ఇప్పుడున్న కోతులు మనుషులుగా ఎందుకు మారడం లేదు?” దీన్ని నవ్వి వదిలేయడం సరికాదు. అడిగేవాళ్ళ మనసులో ఒక బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మ ప్రకారం చూస్తే ప్రశ్న సరైనదే. ఎడమ చివర నడుం వంచి నడిచే వానరం, దాని ముందు కాస్త లేచిన ఇంకొకటి, ఆ ముందు ఇంకొంచెం నిటారుగా మరొకటి, కుడి చివర తలెత్తి నడిచే మనిషి. 1965లో రుడాల్ఫ్ జాలింగర్ అనే చిత్రకారుడు ఆదిమానవుల మీద వచ్చిన ఒక పుస్తకం కోసం 15 ఆకారాలతో ఆ వరుస గీశాడు. తర్వాత దాని నకళ్ళు ప్రకటనల్లోకి, కార్టూన్లలోకి, చొక్కాల మీదికి ఎక్కాయి. ఆ బొమ్మ చూసి పెరిగినవాళ్ళకు పరిణామం అంటే ఒక నిచ్చెన. కింది మెట్టు మీద కోతి, పై మెట్టు మీద మనిషి. మెట్లెక్కడం అందరికీ రాసిపెట్టి ఉంటే, కింద ఉన్నవి ఎందుకు ఎక్కడం లేదని అడగడం న్యాయమే.

చార్లెస్ డార్విన్ గీసుకున్న బొమ్మ వేరు. బీగిల్ ఓడలో దాదాపు ఐదేళ్ళు తిరిగి ఇంగ్లండు చేరిన మరుసటి సంవత్సరం, 1837లో, తన నోటుపుస్తకంలో ఒక పేజీ పైన ‘ఐ థింక్’ అని రెండే మాటలు రాసి, కింద సిరాతో కొన్ని గీతలు గీశాడు. ఒక మొదలు, దాని నుంచి అడ్డదిడ్డంగా చీలిన కొమ్మలు. కొన్ని కొమ్మల కొసన చిన్న అడ్డగీత ఉంటుంది, అంటే ఆ జాతి ఇంకా బతికే ఉందని. అడ్డగీత లేనివి అంతరించిపోయిన జాతులు. ఆ గీతల్లో పైమెట్టు అంటూ ఏదీ లేదు. బతికున్న ప్రతి జాతీ ఏదో ఒక కొమ్మ కొసనే ఉంది, ఏ కొసా మరో కొసకు లోకువ కాదు. ఆ తర్వాత శాస్త్రంలో, మతంలో, సాహిత్యంలో ఈ సిద్ధాంతం చుట్టూ నడిచిన గొడవలు తరచి చూస్తే, చాలావాటి మూలం ఈ చెట్టును నిచ్చెనగా చదవడంలోనే దొరుకుతుంది.

మన పెదనాన్న కొడుకు మన నుంచి పుట్టలేదు, మనమూ అతని నుంచి పుట్టలేదు. ఇద్దరికీ తాత ఒక్కడు. చింపాంజీకీ మనిషికీ ఉన్న చుట్టరికం అలాంటిదే. సుమారు 60, 70 లక్షల ఏళ్ళ క్రితం ఆఫ్రికాలో బతికిన ఒక పూర్వీకుల గుంపు సంతానం రెండు పాయలుగా విడిపోయింది. ఆ పూర్వీకులు నేటి చింపాంజీలూ కారు, నేటి మనుషులూ కారు. మన వంశం మారుతూ వచ్చిన ఇన్నేళ్ళూ చింపాంజీ వంశం కూడా తన అడవికి తగ్గట్టు మారుతూనే వచ్చింది. మనిషి కావాలని బయల్దేరి దారిలో చతికిలబడిన జీవిగా దాన్ని చూడటానికి ఆధారమేమీ లేదు.

తెలుగు మాట కూడా ఇక్కడ కొంత తికమక పెడుతుంది. పరిణామం మన దర్శనాల్లో పాత మాట. సాంఖ్యులు దానికి పాలు పెరుగు కావడాన్ని ఉదాహరణగా చెప్పారు. కార్యం కారణంలో ముందే దాగి ఉంటుంది, సమయం వచ్చినప్పుడు బయటపడుతుంది అని వాళ్ళ భావం. ఇంగ్లిషులో ‘ఎవల్యూషన్’కు మూలమైన లాటిన్ మాటకు కూడా చుట్ట విప్పడమనే అర్థం. చుట్టలో ఏం రాసి ఉందో ముందే ఖాయం, విప్పడమే తరువాయి. డార్విన్ చెప్పినదానిలో ముందే రాసి ఉన్నది ఏదీ లేదు. అందుకేనేమో 1859 నాటి తన పుస్తకం ‘జాతుల ఉత్పత్తి’ మొదటి కూర్పులో ఆయన ఆ నామవాచకం వాడనే లేదు. దాని క్రియారూపం మాత్రం పుస్తకంలో ఆఖరి మాటగా వస్తుంది. ఆయన ఎక్కువగా వాడిన పదబంధాన్ని తెలుగులో ‘మార్పుతో కూడిన వంశక్రమం’ అనవచ్చు. నోటికి తిరగదు గానీ సంగతంతా అందులో ఉంది. వంశం ఉంది, మార్పు ఉంది, గమ్యం ఊసు లేదు.

ఆయన వాడుకున్న ముడిసరుకు అందరి కళ్ళెదుటా ఉన్నదే. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు కూడా అచ్చు ఒకేలా ఉండవు. ఆ తేడాల్లో కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతాయి. పుట్టేవాటిలో చాలా భాగం పెద్దవి కాకుండానే పోతాయి. జనాభా గురించి మాల్థస్ రాసినది 1838లో చదివినప్పుడు ఈ మూడో సంగతి బరువెంతో డార్విన్‌కు తెలిసివచ్చింది. మూడూ కలిస్తే నాలుగోది తప్పదు. ఉన్న చోట కాస్త ఎక్కువ పనికొచ్చే తేడా ఉన్న జీవి కాస్త ఎక్కువ సంతానాన్ని మిగుల్చుకుంటుంది, ఆ తేడా తరతరానికీ వ్యాపిస్తుంది. దీనికే ప్రకృతి వరణం అని పేరు. పావురాలు పెంచేవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ పని ఆయన గమనించాడు, తానూ పావురాలు పెంచాడు. తోకను విసనకర్రలా విప్పే పావురమూ, గొంతు సంచిని బుడగలా ఉబ్బించే పావురమూ ఒకే అడవి పావురం నుంచి మనుషులు తరతరాలుగా ఏరి ఏరి తయారుచేసినవే. ఏరే చెయ్యి లేకుండానే ప్రకృతిలో ఆ ఏరివేత సాగుతుందని, చలి, కరువు, రోగం, వేటాడే జంతువు ఆ పని చేస్తాయని గుర్తించడం డార్విన్ కొత్తగా చేసిన పని.

అయినా 20 ఏళ్ళు దాన్ని అచ్చు వేయలేదు. 1846 నుంచి ఎనిమిదేళ్ళపాటు రాళ్ళకూ ఓడల అడుగుకూ అతుక్కుని బతికే బార్నకిల్స్ అనే సముద్రజీవుల్ని సూక్ష్మదర్శిని కింద కోసి చూస్తూ గడిపాడు. 1858 జూన్‌లో మలయా దీవుల నుంచి ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉత్తరం వచ్చింది. అందులో ఉన్నదీ అదే సిద్ధాంతం. జులై 1న లండన్‌లోని లినేయన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. రాసినవాళ్ళిద్దరిలో ఒక్కరూ అక్కడ లేరు. వాలెస్ వేల మైళ్ళ దూరంలో ఉన్నాడు. డార్విన్ ఇంట్లో ఏడాదిన్నర వయసున్న ఆఖరి కొడుకు స్కార్లెట్ జ్వరంతో చనిపోయి మూడు రోజులే అయింది. ఆ సంవత్సరం చెప్పుకోదగ్గ ఆవిష్కరణలేవీ రాలేదని సొసైటీ అధ్యక్షుడు తర్వాత ప్రసంగించాడు. 1859 నవంబరు 24న ‘జాతుల ఉత్పత్తి’ వెలువడింది.

ప్రకృతి వరణం మనిషి కంటికి ఆననంత నెమ్మదిగా సాగుతుందని డార్విన్ అనుకున్నాడు. ఆ అంచనా తప్పని తేలింది, బీగిల్ యాత్రలో ఆయన ఆగిన గాలాపగోస్ దీవుల్లోనే. అక్కడ డాఫ్నే మేజర్ అనే చిన్న రాతి దీవి ఉంది. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏటా అక్కడికి వెళ్ళి, ఫించ్ పిట్టల్ని వలలో పట్టి, కాళ్ళకు గుర్తు కడియాలు తొడిగి, ముక్కు పొడవూ లోతూ వెడల్పూ కొలిచి వదిలేవారు. 1977లో వాన ముఖం చాటేసింది. మెత్తటి చిన్న గింజలు ముందు అయిపోయాయి. మిగిలినవి పల్లేరు జాతి మొక్క కాయలు. పల్లేరు ముల్లు కాల్లో దిగినవాళ్ళకు ఆ కాయ గట్టితనం వేరే చెప్పక్కర్లేదు. దాన్ని ముక్కున కరిచి మెలితిప్పి పగలగొడితే గాని లోపలి గింజ అందదు. దళసరి ముక్కున్న పిట్టలు పగలగొట్టుకుని తిన్నాయి, సన్నముక్కువి వల్ల కాక మాడిపోయాయి. మధ్యరకం నేల ఫించ్‌లు సుమారు 1,200 ఉండగా కరువు ముగిసేసరికి 180 మిగిలాయి. బతికినవాటి ముక్కు లోతు మునుపటి సగటు కన్నా అర మిల్లీమీటరు ఎక్కువ. చావుబతుకుల మధ్య ఉన్న తేడా అంతే. తర్వాతి తరం పిల్లలకు ఆ దళసరి ముక్కే వచ్చింది.

కథ అక్కడితో ఆగి ఉంటే అదీ నిచ్చెనలాగే కనిపించేది. కానీ 1982-83లో ఎల్ నినో వల్ల ఆ దీవి మీద కుండపోతగా కురిసింది. తీగలు అల్లుకుపోయి చిన్న గింజలు విరగకాశాయి. ఆ తర్వాతి ఏళ్ళలో పెద్ద ముక్కు వల్ల లాభం లేకపోయింది. చిన్న ముక్కు పిట్టలు మేలుగా నెగ్గుకొచ్చాయి, సగటు మళ్ళీ వెనక్కి జరిగింది. ఏ పిట్ట యోగ్యమైనదో ఆ ఏటి వాన తేల్చింది. బళ్ళో వల్లెవేసిన ‘యోగ్యతముల సార్థక జీవనం’ అన్న మాటకు ఇంతకు మించిన అర్థం లేదు. ఆ మాట పుట్టించినవాడు హెర్బర్ట్ స్పెన్సర్, 1864లో. డార్విన్ తన పుస్తకం 1869 కూర్పులో దాన్ని తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండాల్సింది. ‘యోగ్యత’ అనగానే గొప్పతనం స్ఫురిస్తుంది, ఆ స్ఫురణ చేసిన చెరుపు ఇంతా అంతా కాదు.

తొలినాళ్ళలో సిద్ధాంతాన్ని నిజంగా ఊపిరాడనివ్వని ప్రశ్నలు చర్చిల నుంచి రాలేదు, శాస్త్రం లోపలి నుంచే వచ్చాయి. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ 1862లో భూమి చల్లబడే లెక్క కట్టి, దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య ఉంటుందన్నాడు. పోనుపోను ఆ అంకెను ఇంకా తగ్గించాడు. డార్విన్‌కు కావలసిన కాలం అందులో పట్టదు. రెండో దెబ్బ 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజినీరు వేశాడు. తల్లిదండ్రుల గుణాలు రెండు రంగులు కలిసినట్టు పిల్లల్లో కలిసిపోతాయని అప్పట్లో ఎక్కువమంది నమ్మకం. అదే నిజమైతే, కొత్తగా పుట్టిన మంచి తేడా ఏదైనా బిందెడు నీళ్ళలో పడిన సిరా చుక్కలా నాలుగు తరాల్లో పలచబడి మాయమవుతుంది. ప్రకృతి ఏరుకోవడానికి ఏమీ మిగలదు. డార్విన్ దగ్గర దీనికి సరైన జవాబు లేదు.

జవాబు అప్పటికే అచ్చయి ఉంది. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠానీ మొక్కలతో చేసిన ప్రయోగాల ఫలితాలు 1866లో వెలువడ్డాయి. గుణాలు రంగుల్లా కలిసిపోవు, గింజల్లా విడివిడిగా ఉంటాయి, ఒక తరంలో దాగినది తర్వాతి తరంలో చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. ఎవరూ పట్టించుకోని ఆ వ్యాసాన్ని 1900లో తిరిగి కనుగొన్నారు. కాలం లెక్కకు అణుధార్మికత జవాబిచ్చింది. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళని ఇప్పుడు తెలుసు. 1920, 30లలో ఫిషర్, హాల్డేన్, రైట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కలిసి కూర్చోకుండానే మెండెల్ గింజల్నీ డార్విన్ వరణాన్నీ ఒకే గణితంలోకి తెచ్చారు. జీవశాస్త్రం ఒక శాస్త్రంగా కుదురుకున్నది అప్పుడే అనిపిస్తుంది. అంతకుముందు పేర్లు పెట్టడం, వర్ణించడం, పోల్చడం ఉన్నాయి. ఇది ఎందుకిలా ఉంది అని అడిగితే చెప్పగలిగింది ఆ తర్వాతే.

ఒక సిద్ధాంతం సత్తా అది ముందుగా చెప్పగలిగినదానిలో ఉంటుంది. చేపల్లో ఒక పాయ నుంచి నాలుగు కాళ్ళ జంతువులు వచ్చాయన్నది నిజమైతే, ఆ రెంటి మధ్య లక్షణాలున్న జీవి సుమారు 37, 38 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరకాలి. శిలాజాల శాస్త్రవేత్త నీల్ షూబిన్ బృందం ఆ వయసు నది మట్టి గట్టిపడ్డ రాళ్ళు బయటికి తేలిన చోటు కోసం పటాలు వెతికి, కెనడా ఉత్తరపు కొసన మంచు ప్రాంతమైన ఎల్స్‌మియర్ దీవిని ఎంచుకుంది. కొన్ని యాత్రలు వట్టిచేతులతో ముగిశాక, 2004లో ఒక రాతిలోంచి చదును తల బయటికి వచ్చింది. పొలుసులు, రెక్కలు చేపవి. ఆ రెక్క లోపల భుజమూ మోచెయ్యీ మణికట్టూ అనదగ్గ ఎముకలు. చేపలకు ఉండని మెడ కూడా ఉంది. టిక్‌టాలిక్ అని పేరు పెట్టిన ఆ జీవి వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. ఏ వయసు రాతిలో వెతకాలో సిద్ధాంతం చెప్పింది, వెతికితే దొరికింది.

మన ఒంట్లోనూ సాక్ష్యాలున్నాయి. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. ఉమ్మడి పూర్వీకులు నిజమైతే పోయిన ఆ జత ఏమైనట్టు? మన రెండో క్రోమోజోమును చదివితే దాని నడుమ భాగంలో, క్రోమోజోముల కొసల్లో మాత్రమే ఉండాల్సిన డీఎన్‌ఏ వరుసలు ఎదురెదురుగా కనిపించాయి. రెండు పాత క్రోమోజోములు కొసకు కొస అతుక్కున్న చోటు అది. మెదడు నుంచి స్వరపేటికకు వెళ్ళే ఒక నాడి సూటిగా వెళ్ళకుండా ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద ధమని చుట్టూ తిరిగి, మళ్ళీ గొంతులోకి ఎక్కుతుంది. జిరాఫీలోనూ అదే దారి, నాలుగు మీటర్లకు పైగా తిరుగుడు. మెడ లేని చేపల్లో అది దగ్గరి దారే. మెడ సాగుతూ వచ్చింది, నాడికి దారి మార్చుకునే వీలు దొరకలేదు. కొత్తగా గీసి కట్టిన ఇల్లు ఇలా ఉండదు, తాతల నాటి ఇంటికి గదులు కలుపుకుంటూ పోతే ఇలా ఉంటుంది.

నిచ్చెన చదువు మనుషుల మీదికి మళ్ళినప్పుడు జరిగినది మాత్రం శాస్త్రానికి మాయని మచ్చ. చెట్టులో కొమ్మలే ఉంటాయి, నిచ్చెనలో పైవాళ్ళూ కిందివాళ్ళూ ఉంటారు. కొన్ని జాతుల మనుషులు పైమెట్టున ఉన్నారని, పేదలు పేదలుగా ఉండటం ప్రకృతి తీర్పని, బలహీనుల్ని ఆదుకోవడం ఆ తీర్పుకు అడ్డుపడటమని చెప్పే రాతలు గుట్టలుగా వచ్చాయి. డార్విన్‌కు దగ్గరి బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ ‘మేలైన’ మనుషుల సంతానాన్ని పెంచి, ‘పనికిరాని’వాళ్ళ సంతానాన్ని తగ్గించాలనే వాదానికి 1883లో ‘యూజెనిక్స్’ అనే మాట పుట్టించాడు. అమెరికాలో 60,000 మందికి పైగా మనుషులకు వాళ్ళ ఇష్టంతో పనిలేకుండా పిల్లలు పుట్టని ఆపరేషన్లు చేశారు. 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు అది చట్టబద్ధమేనంది. జర్మనీలో నాజీలు 1933లో అలాంటి చట్టమే తెచ్చారు, అది ఎక్కడికి దారితీసిందో లోకానికి తెలుసు.

డార్విన్‌కు ఇందులో పాలు లేదని చెప్పడం నిజాయితీ కాదు. ‘ఎగువ, దిగువ అనే మాటలు వాడకూడదు’ అని తాను చదివిన ఒక పుస్తకం అంచున రాసుకున్న మనిషే, 1871లో మానవ పరిణామం మీద రాసిన పుస్తకంలో నాగరిక జాతులు, అనాగరిక జాతులు అంటూ తన కాలపు మెట్లనే ఎక్కాడు. అదే మనిషి బానిసత్వాన్ని జీవితమంతా అసహ్యించుకున్నాడు, ఆ విషయమై బీగిల్ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌తో తగవు పడ్డాడు. రెండూ నిజాలే. ఆయన జారిన చోట సిద్ధాంతం నిలబడింది. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్క చూపినట్టు, మనుషుల జన్యువుల్లో ఉన్న వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా దొరుకుతుంది. మనుషుల్ని మెట్ల మీద నిలబెట్టడానికి జన్యువుల్లో ఆధారం లేదు.

మతం సంగతికొస్తే, డార్విన్ కేంబ్రిడ్జిలో చదివింది పాదిరీ కావడానికి. అక్కడ ఆయన ఇష్టంగా చదువుకున్న రచయిత విలియం పేలీ. బీడులో నడుస్తుంటే గడియారం కనిపిస్తే దాన్ని చేసినవాడు ఉన్నాడని అనుకుంటాం, కన్ను గడియారం కన్నా నేర్పైన పని, కనుక చేసినవాడు ఉండాలి అని 1802లో పేలీ వాదించాడు. ప్రకృతి వరణం సూటిగా తగిలింది ఈ వాదానికే. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆ సిద్ధాంతం తేల్చే ప్రశ్న కాదు. జీవుల పొందికను చూపించి దేవుణ్ణి రుజువు చేసే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ దారి ఒక్కదాన్నే నమ్ముకున్న మతవాదులకు కాళ్ళ కింద నేల కదిలింది. భక్తిని వేరే చోట నిలుపుకున్నవాళ్ళు అంతగా తొణకలేదు. హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే నిష్ఠగల క్రైస్తవుడు, అమెరికాలో డార్విన్ తరఫున గట్టిగా నిలబడినదీ ఆయనే.

డార్విన్ విశ్వాసం సడలడానికి సిద్ధాంతం ఒక్కటే కారణమని చెప్పలేం. 1851లో పదేళ్ళ కూతురు ఆనీ కళ్ళముందే చనిపోయింది. 1860లో గ్రేకు రాసిన ఉత్తరంలో ఆయన్ని వేధించిన ప్రశ్న ఒక కందిరీగ గురించి. ఆ జాతి కందిరీగ బతికున్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపలి నుంచి తింటూ పెరుగుతాయి. దయగల సృష్టికర్త దీన్ని కావాలని సంకల్పించాడని నమ్మలేకపోతున్నానని రాశాడు. అదే ఏడు జనవరిలో పుస్తకం రెండో కూర్పు ముగింపు వాక్యంలో ‘సృష్టికర్త చేత’ అని చేర్చాడు, మూడేళ్ళ తర్వాత అలా లోకానికి తలొగ్గినందుకు చింతిస్తున్నానని మిత్రుడు హుకర్‌కు రాశాడు. తాను నాస్తికుణ్ణి ఎన్నడూ కాలేదని, అజ్ఞేయవాది అంటే సరిపోతుందని 1879లో చెప్పుకున్నాడు. 1882లో చనిపోయినప్పుడు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోనే సమాధి చేశారు.

బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ డార్విన్ పక్షాన నిలిచిన జీవశాస్త్రవేత్త టామస్ హక్స్‌లీకీ 1860 జూన్ 30న ఆక్స్‌ఫర్డులో జరిగిన వాదనను మతానికీ శాస్త్రానికీ యుద్ధంగా చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ రోజు ఎవరేమన్నారో మాటకు మాట రాసిన రికార్డు లేదు, కథ తర్వాత పెరిగింది. అంతకన్నా ఆలోచించాల్సినది 1925లో అమెరికా టెనెసీ రాష్ట్రంలోని డేటన్‌లో జరిగిన విచారణ. బళ్ళో మానవ పరిణామం బోధించాడని జాన్ స్కోప్స్ అనే యువ ఉపాధ్యాయుడికి 100 డాలర్ల జరిమానా వేశారు. ప్రాసిక్యూషన్ వైపు నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ను మూర్ఖుడిగా చూపించడం పరిపాటి. ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. బలవంతుడు బలహీనుణ్ణి తొక్కడమే ప్రకృతి ధర్మమని పిల్లలు నేర్చుకుంటారని ఆయన బెంగ. స్కోప్స్ తరగతిలో వాడిన జీవశాస్త్ర పాఠ్యపుస్తకం తెరిస్తే ఆ బెంగ వట్టిది కాదని తెలుస్తుంది. అందులో మనుషుల్ని ఐదు జాతులుగా విడగొట్టి, తెల్లవాళ్ళు అన్నిటికన్నా ఉన్నతులని రాసి ఉంది, యూజెనిక్స్‌ను మెచ్చుకుంటూ పుటలున్నాయి. కోర్టులో ఒక పక్షం పరిణామాన్ని నిషేధించాలంది, మరో పక్షం బోధించాలంది. ఆ పుస్తకంలో ఉన్నది చెట్టు కాదు, నిచ్చెన అన్న మాట ఎవరూ గట్టిగా అనలేదు. బ్రయాన్ రోగాన్ని సరిగానే పసిగట్టాడు, మందు మాత్రం తప్పు ఎంచుకున్నాడు.

కాథలిక్ చర్చి నిదానంగా కదిలింది. 1950లో పన్నెండో పయస్ పోపు మనిషి దేహం పుట్టుక మీద పరిశోధనకు అడ్డు లేదన్నాడు, ఆత్మ సంగతి మాత్రం మినహాయించాడు. 1996లో రెండో జాన్ పాల్ పోపు ఈ సిద్ధాంతం వట్టి ఊహ స్థాయి దాటిందని ఒప్పుకున్నాడు. భారతీయ మతాల్లో గొడవ మరో రకం. ఒకే జీవుడు చీమగా, ఏనుగుగా, మనిషిగా ఎనభై నాలుగు లక్షల యోనుల్లో తిరుగుతాడని నమ్మేచోట, మనిషికీ జంతువుకూ చుట్టరికం ఉందంటే గుండె ఆగదు. ఇక్కడి చిక్కు వేరు. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనం అన్న వరుస చూపించి దశావతారాల్లో డార్విన్ చెప్పినదంతా ముందే ఉందనడం అలవాటైంది. ఆ పోలిక అందమైనదే. కానీ చేప సంతానం తాబేలు కావడం ఆ పురాణాల్లో లేదు, అవసరం వచ్చినప్పుడల్లా దిగివచ్చేది ఒకే విష్ణువు. పైగా ఆ వరుస చేప నుంచి మనిషి దాకా ఎక్కే మెట్లవరుస. డార్విన్ పక్కన పెట్టినదాన్నే ఆయన చెప్పాడనుకుంటున్నాం. పురాణాన్ని పురాణంగా చదివితే దాని లోతు దానికి ఉంది, జీవశాస్త్రపు సాక్ష్యంగా నిలబెడితే రెండూ చెడతాయి.

ప్రకృతికి ఏ ప్రాణి మీదా దయ లేదన్న దుఃఖాన్ని సాహిత్యం శాస్త్రం కన్నా ముందే పసిగట్టింది. ఆంగ్ల కవి టెన్నిసన్ తన స్నేహితుడి మరణం మీద 17 ఏళ్ళపాటు రాసిన స్మృతికావ్యం 1850లో, అంటే డార్విన్ పుస్తకానికి తొమ్మిదేళ్ళ ముందు వచ్చింది. ప్రకృతి ఒక్కొక్క ప్రాణిని పట్టించుకోకపోయినా జాతినైనా కాపాడుతుందా అని కవి అడుగుతాడు. వేల జాతులు పోయాయి, దేన్నీ లెక్కచేయను అని కొండచరియల్లోని శిలాజాల లోంచి ప్రకృతి జవాబిస్తుంది. గోళ్ళకూ కోరలకూ నెత్తురంటిన ప్రకృతి అన్న ఆ కావ్యంలోని మాటను తర్వాత లోకం డార్విన్ ఖాతాలో వేసింది.

డార్విన్ స్వయంగా మంచి పాఠకుడు. బీగిల్ మజిలీల్లో మిల్టన్ కావ్యం చంకలో పెట్టుకుని తిరిగాడు. ముసలితనంలో కవిత్వం రుచించడం మానేసిందని ఎంతో బాధతో రాసుకున్నాడు. నవలలు మాత్రం ఇంట్లోవాళ్ళ చేత చదివించుకుని వినేవాడు. ఆయన వచనంలో జీవవృక్షం ఉపమానం చదివితే, రాలిన కొమ్మలతో నేల పొరల్ని నింపుతూ, చిగుళ్ళతో పైకప్పును పరచుకుంటూ సాగే ఆ వాక్యాలు కవి చేతివేనని తెలుస్తుంది. జార్జ్ ఎలియట్ నవలల్లో ఒకరి బతుకు మరొకరి బతుకుతో సాలెగూడులా చిక్కుపడి కదలడానికి ఈ వచనంతో ఉన్న చుట్టరికం విమర్శకులు గుర్తించినదే.

టామస్ హార్డీ 1873 నాటి ఒక నవలలో ఒక ఘట్టం ఉంది. హెన్రీ నైట్ అనే చదువుకున్న పెద్దమనిషి సముద్రం పక్కన కొండ అంచున జారి, చేతులతో వేలాడుతుంటాడు. కింద వందల అడుగుల లోతున నీళ్ళు. ముఖానికి ఎదురుగా రాతిలోంచి రెండు కళ్ళు తననే చూస్తున్నట్టు కనిపిస్తాయి. అవి ఎప్పుడో చచ్చి రాయిగా మారిన ట్రైలోబైట్ అనే పురాతన సముద్రజీవి కళ్ళు. ఆ జాతి మొత్తం సుమారు 25 కోట్ల ఏళ్ళ క్రితమే భూమ్మీద లేకుండా పోయింది. నైట్‌కు భూగర్భశాస్త్రం తెలుసు. ఆ క్షణంలో ఆ రాతి పొరలు ఒక్కొక్కటే మనసులో తిరుగుతాయి. తన చదువు, తన గొప్ప, తన మనిషితనం, వీటిలో ఒక్కటీ ఆ పురుగుకన్నా తనను ఎక్కువసేపు కొండకు అతికించి ఉంచలేవు. ఇద్దరూ చావు ముందు పక్కపక్కన ఉన్నారు, అంతే. పరిణామ సిద్ధాంతాన్ని ఇంత దగ్గర నుంచి చూపించిన పుట నవలా సాహిత్యంలో మరొకటి ఉందనుకోవడం కష్టం. డార్విన్ అంత్యక్రియలకు హాజరైన జనంలో హార్డీ కూడా ఉన్నాడు.

నిచ్చెన బొమ్మను తెలిసి, కావాలని తలకిందులు చేసినవాడు హెచ్.జి. వెల్స్. హక్స్‌లీ దగ్గర లండన్‌లో జీవశాస్త్రం చదువుకున్నాడు. 1891లో రాసిన ఒక వ్యాసంలో, పరిణామం అంటే ఎప్పుడూ పైకి పోవడమేనన్న నమ్మకాన్ని ఖండించాడు. పిల్లదశలో వెన్నుపాము లాంటి నిర్మాణంతో ఈదుతూ, పెద్దయ్యాక దాన్ని పోగొట్టుకుని రాతికి అంటుకుని తిత్తిలా మిగిలే సముద్రజీవుల్ని చూపించాడు. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన కాలయంత్రం నవలలో యాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. పూలు తలలో పెట్టుకుని ఆడుకునే సుకుమారులైన ఎలాయ్‌లను చూసి, మనిషి ఎక్కిన పైమెట్టు ఇదేననుకుంటాడు. తర్వాత తెలుస్తుంది, నేల కింద చీకట్లో మోర్లాక్‌లు ఉన్నారని, వాళ్ళు ఎలాయ్‌లను పశువుల్లా మేపి తింటున్నారని. రెండూ మన సంతానమే. పనిచేయించుకున్నవాళ్ళు ఒక కొమ్మ, పనిచేసినవాళ్ళు ఒక కొమ్మ.

అక్కడి నుంచి యాత్రికుడు ఇంకా ముందుకు పోతాడు. మూడు కోట్ల ఏళ్ళ తర్వాతి సముద్రతీరం. ఆకాశంలో పెద్ద ఎర్రటి సూర్యుడు కదలడు. గాలి పలచబడింది, మంచు రాలుతోంది, పురుగు చప్పుడు కూడా లేదు. ఇసుకతిన్నె మీద బంతి అంత గుండ్రటి నల్లటిదేదో, తంతులు ఈడ్చుకుంటూ, ఆగి ఆగి ఎగురుతోంది. అది ఏ కొమ్మ కొసో వెల్స్ చెప్పలేదు.